మౌంట్ రోడ్డు మీద పద్నాలుగంతస్తుల మాట

2019లో చెన్నై మెట్రో అన్నా సాలై కిందుగా నడవడం మొదలైన కొన్నాళ్లకు మా బాపు కోరుట్ల నుంచి వచ్చాడు. బీచికి పోదామా, కపాలీశ్వరుడి గుడికి పోదామా అని అడిగితే రెండూ వద్దన్నాడు. "ఎల్‌ఐసీ బిల్డింగు సూపెట్టు" అన్నాడు. ముప్పై ఏళ్లు ఏజెంటుగా చేసిన మనిషికి అదొక యాత్రాస్థలం అవుతుందని నాకు అప్పటిదాకా తట్టనే లేదు. అక్కడి మెట్రో స్టేషన్ పేరు కూడా ఎల్‌ఐసీయే. మెట్లెక్కి బయటికొచ్చి, రోడ్డుకు ఇవతలి పక్కన నిలబడి, వేలు చూపించుకుంటూ అంతస్తులు లెక్కబెట్టి, రెండోసారి కూడా లెక్కబెట్టి, అప్పుడు అడిగాడు.

"గిది మన పైసలతోని కట్టిందేనా?"

"అవును బాపూ" అన్నాను. ఆలోచించి చెప్పిన జవాబు కాదు. ఎండగా ఉంది, పక్కన బస్సులు హారన్లు కొడుతున్నాయి, ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి చెప్పాను. సివిల్ ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాణ్ని. ఆ మేడ ముందు నుంచి కొన్ని వందల సార్లు పోయుంటాను. ఎవరు కట్టారు, ఎప్పుడు కట్టారు, ఎవరి డబ్బు అని ఒక్కసారీ అడగలేదు. ఆయన ఊరికి వెళ్లిపోయాక ఆ ప్రశ్న మాత్రం నా దగ్గర ఉండిపోయింది. ఈ వ్యాసం దానికి కొంచెం ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

*

ముందు ఒక మాట గురించి. మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు "పట్నం పోయిండు" అంటే హైదరాబాదు పోయాడని. నెల్లూరు, చిత్తూరు వైపు పాతకాలపు వాళ్లు పట్నం అంటే మద్రాసే. చెన్నపట్నం. ఒకే తెలుగు మాట, రెండు వేర్వేరు ఊళ్లు. మా తాతల కాలంలో జగిత్యాల నిజాం రాజ్యంలో ఉంది. మద్రాసుతో మాకు రాకపోకలు లేవు. కానీ కోస్తా, రాయలసీమ తెలుగువాళ్లకు మద్రాసు రాజధాని, అచ్చాఫీసు, సినిమా, హైకోర్టు, అన్నీ. కాశీనాథుని నాగేశ్వరరావు ఆంధ్రపత్రికను 1914లో బొంబాయి నుంచి అక్కడికే తెచ్చారు. భారతి అక్కడే పుట్టింది. 1947లో చందమామ అక్కడే పుట్టింది.

ఆ ఊరు తెలుగువాళ్ల చేతికి రాదని ఖాయమైన సంవత్సరమే ఈ మేడ పునాది కూడా మొదలైంది. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు మైలాపూరులో నిరాహార దీక్షలో చనిపోయారు. మద్రాసు లేని ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఏర్పడింది. కర్నూలులో ఆఫీసులకు గదులు చాలక గుడారాలు వేసుకున్నారు. గుడారాల్లో ఫైళ్లు పెట్టుకుని ఒక ప్రభుత్వం నడుస్తున్న ఆ రోజుల్లోనే, పోగొట్టుకున్న నగరం నడిబొడ్డున, మౌంట్ రోడ్డు మీద, అప్పటిదాకా దేశంలో ఎవరూ కట్టనంత ఎత్తైన ఆఫీసు మేడకు మట్టి తవ్వుతున్నారు. ఈ రెండింటికీ కార్యకారణ సంబంధం ఏమీ లేదు. కానీ "మద్రాసు మనదే" అని గొంతు పోయేలా అరిచిన తరం వాళ్లు పని మీద మళ్లీ ఆ ఊరికి వచ్చినప్పుడల్లా ఏడాదికేడాది పైకి పెరుగుతున్న ఆ కాంక్రీటు స్తంభాలను చూసే ఉంటారు కదా అనిపిస్తుంది.

*

ఎవరు కట్టించారు? ఎల్‌ఐసీ మాత్రం కాదు. 1953లో ఎల్‌ఐసీ అనేదే లేదు.

కట్టించడం మొదలుపెట్టింది యునైటెడ్ ఇండియా లైఫ్ అనే మద్రాసు బీమా కంపెనీ. 1906లో, స్వదేశీ ఉద్యమం వేడిలో పుట్టిన కంపెనీల్లో అదొకటి. 1950ల నాటికి దాని వెనక ఉన్న మనిషి ఎం.సీటీ.ఎం. చిదంబరం చెట్టియార్. (చేపాక్ క్రికెట్ స్టేడియానికి ఉన్న పేరు ఎం.ఎ. చిదంబరానిది. ఆయన వేరు, ఈయన వేరు. కేంద్రమంత్రిగా చేసిన చిదంబరం ఇంకా వేరు.) ఈయన 1908లో పుట్టారు. 1937 ఫిబ్రవరి 10న ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు పెట్టారు. ఆ రోజు ఆ బ్యాంకు ఒకేసారి మూడు ఊళ్లలో తలుపులు తీసింది: కారైకుడి, మద్రాసు, రంగూన్.

ఆ మూడో ఊరి పేరు దగ్గర తెలుగువాళ్లు ఒక్కక్షణం ఆగాలి. నాట్టుకోట్టై చెట్టియార్లు బర్మాలో వడ్డీ వ్యాపారం చేసి, వరి పొలాల మీద అప్పులిచ్చి పెద్దవాళ్లయ్యారు. అదే రంగూన్‌లో రేవులో మూటలు మోసింది, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చింది ఎక్కువగా మన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల కూలీలు. "రంగం పోయినవాళ్లు" అని మన పాత కథల్లో కనపడేది వాళ్లే. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద పెద్ద దాడులు జరిగాయి, చాలామంది చచ్చిపోయారు. అంటే బంగాళాఖాతానికి అవతల ఒకే రేవులో తమిళుల పెట్టుబడీ ఉంది, తెలుగువాళ్ల వీపులూ ఉన్నాయి. మౌంట్ రోడ్డు మేడలోకి వచ్చిన ప్రతి రూపాయీ అక్కడిదని నేను అనడం లేదు. బీమా కంపెనీ డబ్బు చాలావరకు పాలసీదార్ల ప్రీమియమే. కానీ అంత పెద్ద పని తలపెట్టగల ధైర్యం ఒక వ్యాపార కులానికి ఎక్కడ నుంచి వచ్చిందంటే, ఆ సముద్రం అవతలి కథ చెప్పకుండా ఊరుకోలేం.

లండన్ నుంచి వచ్చిన బ్రౌన్, మూలిన్ అనే ఆర్కిటెక్టులు నక్షా గీశారు. అప్పటికి న్యూయార్కులో ఐక్యరాజ్యసమితి సెక్రటేరియట్ కొత్తగా లేచింది. నిలువుగా పెట్టిన అగ్గిపెట్టెలాంటి ఆ పలచటి ఆకారమే ఈ మేడకూ నమూనా. కట్టడం పని మురుగప్ప గ్రూపుకు చెందిన కోరమాండల్ ఇంజనీరింగ్ చేపట్టింది.

బీమా కంపెనీకి అంత ఎత్తు మేడ ఎందుకు? ఇది మద్రాసు పిచ్చి కాదు. న్యూయార్కులో 1909లో ప్రపంచంలోకెల్లా ఎత్తైన భవనంగా లేచిన 700 అడుగుల గోపురం కూడా ఒక జీవిత బీమా కంపెనీదే, మెట్రోపాలిటన్ లైఫ్. నాకు తోచిన కారణం ఇది. బట్టల కొట్టువాడు బట్ట చూపిస్తాడు. బీమా అమ్మేవాడి దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు. వాడు అమ్మేది ఒక మాట. "నువ్వు చచ్చిపోయాక, నువ్వు చూడని రోజున, నీ ఇంటివాళ్లకు డబ్బు ఇస్తాం" అని. ముప్పై ఏళ్ల తర్వాత ఆ మాట చెప్పినవాడు ఉంటాడో ఉండడో ఎవడికి తెలుసు? అందుకని మాటకు ఒక శరీరం కావాలి. ఎక్కడికీ పారిపోదని కంటికి కనపడాలి. అందరికంటే ఎత్తుగా ఉంటే ఇంకా మంచిది.

*

ఇక కాంక్రీటు సంగతి. ఇక్కడ చదివిన చదువు కొంచెం పనికొస్తుంది.

మౌంట్ రోడ్డు మీద అంతకుముందు పెద్ద మేడలు లేవని కాదు. 1904 నాటి హిగ్గిన్‌బోథమ్స్ పుస్తకాల కొట్టు ఈ రోజుకీ తెల్లగా మెరుస్తూనే ఉంది. కానీ ఆ తరం మేడలు ఎక్కువగా ఇటుకా సున్నం మీద నిలబడ్డవి. మన దగ్గర డంగు సున్నం అంటాం కదా, గానుగలో ఎడ్లతో తిప్పించి మెత్తగా నూరిన సున్నం, అదే పద్ధతి. అటువంటి ఇంట్లో బరువు మోసేది గోడ. మా వైపు పాత పెంకుటిళ్ల గోడలు మూరెడు మందం ఉండేది అందుకే. 1747లో కట్టిందని చెప్పే జగిత్యాల ఖిల్లా గోడలు చూసినవాళ్లకు ఇది విడిగా చెప్పక్కర్లేదు. ఎత్తు పెంచాలంటే కింద గోడ మందం పెంచుకుంటూ పోవాలి. షికాగోలో 1891లో మొనాడ్‌నాక్ అని పదహారంతస్తుల ఇటుక మేడ కట్టారు. దాని కింది గోడలు ఆరడుగుల మందం. ఇంకా పైకి పోతే కింది అంతస్తులో గోడలే మిగులుతాయి, గది మిగలదు.

దీనికి విరుగుడు గోడకు మోత పని తప్పించి చట్రానికి అప్పగించడం. స్తంభాలు, దూలాలు, స్లాబులు బరువు మోస్తాయి. గోడ ఎండా వానా ఆపే తెర మాత్రమే. అమెరికాలో ఆ చట్రాన్ని ఎక్కువగా ఉక్కుతో చేశారు. కాంక్రీటుతో చేయొచ్చని మొదట నిరూపించింది సిన్సినాటి నగరంలోని ఇంగాల్స్ బిల్డింగు, 1903లో, 16 అంతస్తులు, 210 అడుగులు. అది కూలడం ఖాయమని నమ్మి, చెక్క అచ్చులు విప్పిన రాత్రంతా ఒక విలేకరి ఎదురుగా కాపలా కూర్చున్నాడని చెబుతారు. వార్త దొరక్కుండా ఇంటికి పోయాడు. మేడ ఇంకా అక్కడే ఉంది.

కాంక్రీటు ఒక్కటే అయితే ఇది జరగదు. కాంక్రీటు నొక్కుడుకు గట్టిది, లాగుడుకు బలహీనమైంది. ఇనుప చువ్వ లాగుడుకు గట్టిది. దూలం మీద బరువు పడ్డప్పుడు పైభాగం నొక్కుకుంటుంది, కిందిభాగం సాగుతుంది. కాబట్టి సాగే చోట చువ్వలు పెడతారు. సిరిసిల్లలో సాంచెల చప్పుడు మధ్య పెరిగినవాళ్లకు ఇది ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. ఒక్క పడుగుతో బట్ట రాదు, ఒక్క పేకతో రాదు. ఒకటి బిగువుగా నిలబడితే రెండోది దాన్ని పట్టుకుంటుంది. స్లాబు పోసే ముందు సెంట్రింగ్ మీద పరిచిన ఇనుప చువ్వల గళ్లు చూడండి, నేతలో ఉన్న బట్టలాగానే ఉంటుంది. ఇంకో అదృష్టం కూడా కలిసొచ్చింది. వేడికి ఇనుమూ కాంక్రీటూ ఇంచుమించు ఒకే పాళ్లలో వ్యాకోచిస్తాయి. అలా కాకపోయి ఉంటే మే నెల ఎండకు ప్రతి స్లాబూ లోపల లోపలే విడిపోయేది.

ఈ పద్ధతి మద్రాసుకు 1953లోనే వచ్చిందని చెప్పను. ప్యారీస్ కార్నర్‌లో 1940 నాటి డేర్ హౌస్ లాంటివి ముందే ఉన్నాయి. కానీ అంత ఎత్తున, నగరం మొత్తానికి కనపడేలా, గోడల కాలం అయిపోయింది ఇక స్తంభాల కాలం అని చెప్పిన మేడ మాత్రం ఇదే. 177 అడుగులు. ఇవాళ మన గచ్చిబౌలిలో ఒక మామూలు అపార్టుమెంటు కూడా దాన్ని దాటేస్తుంది. అప్పుడు మాత్రం దేశంలోకెల్లా ఎత్తైన మేడ ఇదేనని చెప్పుకున్నారు. 1961లో బొంబాయిలో ఉషాకిరణ్ దాన్ని మించింది. మద్రాసులో మాత్రం మూడు దశాబ్దాలకు పైగా దాన్ని మించింది రాలేదు. ఊళ్లో అందరి నోటా అది పద్నాలుగంతస్తుల మేడ.

*

కట్టించిన మనిషి దాన్ని చూడలేదు.

1954 మార్చి 13న సింగపూర్ కల్లాంగ్ విమానాశ్రయంలో దిగుతున్న బీఓఏసీ కాన్‌స్టలేషన్ విమానం రన్‌వేకు ముందే నేలను తాకి కాలిపోయింది. మొత్తం 40 మందిలో 33 మంది పోయారు. ప్రయాణికులు 31 మందిలో ఒక్కరూ మిగల్లేదు. అందులో చిదంబరం చెట్టియార్ ఒకరు. ఆయనకు 45 ఏళ్లు. బీమా కంపెనీ అధిపతి నడి వయసులో ఆకస్మికంగా పోవడం అనేది ఏజెంట్లు పాలసీ అమ్మడానికి చెప్పే ఉదాహరణలా ఉంది. నేను దీన్ని తేలిగ్గా అనడం లేదు. మా బాపు ఇంటింటికీ తిరిగి చెప్పేది సరిగ్గా ఇదే: ఎవడికి ఎప్పుడు ఏమైతదో తెల్వదు.

రెండేళ్లు తిరక్కుండానే కంపెనీ కూడా పోయింది. 1956 జనవరి 19న కేంద్ర ప్రభుత్వం ఒక ఆర్డినెన్స్ తెచ్చి జీవిత బీమా కంపెనీల యాజమాన్యాన్ని చేతిలోకి తీసుకుంది. ఆ రాత్రి ఆర్థికమంత్రి సి.డి. దేశ్‌ముఖ్ రేడియోలో మాట్లాడి దేశానికి చెప్పారు. ముందుగా తెలిస్తే కంపెనీలవాళ్లు డబ్బు మళ్లిస్తారని భయం. ఆ భయం ఊరికే పుట్టలేదు. రామకృష్ణ దాల్మియా తన చేతిలో ఉన్న భారత్ ఇన్సూరెన్స్ సొమ్మును, అంటే పాలసీదార్ల సొమ్మును, షేర్ల జూదానికి వాడుకున్న సంగతి అప్పుడే బయటపడింది. పార్లమెంటులో దాని మీద గట్టిగా మాట్లాడింది ఫిరోజ్ గాంధీ.

1956 సెప్టెంబరు 1న ఎల్‌ఐసీ పుట్టింది. 154 స్వదేశీ కంపెనీలు, 16 విదేశీ కంపెనీలు, 75 ప్రావిడెంట్ సొసైటీలు, మొత్తం 245 సంస్థలు ఒక్కదాంట్లో కలిశాయి. పట్టాభి సీతారామయ్య బందరులో పెట్టిన ఆంధ్రా ఇన్సూరెన్స్ కథ కూడా ఆ ఏడాదితో ముగిసింది. సరిగ్గా రెండు నెలలకు, నవంబరు 1న, హైదరాబాదు రాష్ట్రం రద్దయి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి. ఎల్‌ఐసీ దేశాన్ని ఐదు జోన్లుగా విభజించింది. దక్షిణ జోన్ ముఖ్య కార్యాలయం మద్రాసు. ఆంధ్రప్రదేశ్ ఆ జోన్‌లోకే వచ్చింది. అంటే తెలుగువాళ్లు కోట్లాడి సాధించుకోలేని మద్రాసు, బీమా లెక్కల్లో మాత్రం మళ్లీ మనకు రాజధాని అయింది. అప్పటిదాకా మద్రాసు ఎటుందో కూడా అక్కర్లేని మా వైపువాళ్లకు కూడా.

సగంలో ఉన్న మేడ కూడా ఆస్తులతోపాటు ఎల్‌ఐసీకి వచ్చింది. ప్రైవేటు కంపెనీ తన గొప్ప చాటుకోవడానికి మొదలుపెట్టినదాన్ని ప్రభుత్వ సంస్థ పూర్తి చేయాల్సి వచ్చింది. 1957లో లండన్ ఆర్కిటెక్టులు తప్పుకున్నారు. మద్రాసు ఆర్కిటెక్టు ఎల్.ఎం. చితాలే అందుకున్నారు.

అదే 1957 జూన్‌లో ఇంకోటి జరిగింది. ఎల్‌ఐసీ హరిదాస్ ముంద్రా అనే వ్యాపారికి చెందిన ఆరు కంపెనీల షేర్లను సుమారు 1 కోటి 24 లక్షలకు కొంది. వాటి పరిస్థితి బాగోలేదని మార్కెట్టులో అందరికీ తెలుసు. ప్రైవేటువాళ్లు పాలసీదార్ల సొమ్ము తింటున్నారని జాతీయం చేసి ఏడాది కాలేదు, ఇప్పుడు ప్రభుత్వమే అదే పని చేస్తోందా అని మళ్లీ ఫిరోజ్ గాంధీయే, ప్రధాని అల్లుడై ఉండీ, సొంత పార్టీ ప్రభుత్వాన్నే నిలదీశాడు. జస్టిస్ చాగ్లా కమిషన్ బహిరంగంగా విచారణ చేసింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు.

టీటీకే మద్రాసు మనిషి. ఆ గొడవ జరగకపోతే ఆయన సొంత ఊళ్లో ఆ మేడ తలుపులు ఆయన చేతుల మీదుగానే తెరుచుకునేవేమో. 1959 ఆగస్టు 23న దాన్ని ప్రారంభించింది ఆయన తర్వాత ఆర్థికమంత్రి అయిన మొరార్జీ దేశాయ్. ఖర్చు సుమారు 87 లక్షలు. ముంద్రా షేర్లకు పెట్టిన డబ్బు ఇంతకంటే ఎక్కువ! ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు కొంచెం కోపం వచ్చింది. ఒక సంతకంతో పోయింది ఒక మేడ కంటే ఎక్కువ అన్నమాట. దాన్ని కట్టడానికి ఆరేళ్లు పట్టింది.

*

ఆ మేడ ఒకసారి కాలింది కూడా. 1975 జూలై 11న. ఎమర్జెన్సీ వచ్చి రెండు వారాలే అయింది. మంటలు పై అంతస్తులకు ఎగబాకాయి, ఫైరింజన్ల నిచ్చెనలు అంత ఎత్తుకు అందలేదు. నగరం అంతా చూస్తుండగా అది కాలింది. ఎత్తు కట్టడం వచ్చింది గానీ ఆ ఎత్తుకు నీళ్లు పంపడం ఊరికి ఇంకా రాలేదు. కాగితాలు, ఫర్నిచరు, తలుపులు బూడిదయ్యాయి. చట్రం నిలబడింది.

ఎందుకు నిలబడిందో చెప్పాలి. ఇనుము దాదాపు 550 డిగ్రీల దగ్గర సగం బలం పోగొట్టుకుంటుంది. దాని చుట్టూ కాంక్రీటు పొర ఉంటే ఆ వేడి లోపలికి చేరడానికి గంటలు పడుతుంది. చువ్వకు పైన కనీసం ఇంత మందం కాంక్రీటు కప్పు ఉండాలని మాకు క్లాసులో బట్టీ పట్టించేవారు. పరీక్ష కోసం చదివి మర్చిపోయాను. ఆ రెండు మూడు వేళ్ల మందమే అలాంటి రోజున ఒక మేడకు, శిథిలానికి మధ్య ఉన్న తేడా. తర్వాత దాన్ని బాగుచేసి మళ్లీ ఆఫీసులు తెరిచారు. బీమా కంపెనీ ఇంటికి నిప్పంటుకోవడం మీద ఊళ్లో జోకులు పుట్టకుండా ఉండి ఉండవు.

*

ఇప్పుడు సిరిసిల్ల.

సిరిసిల్లలో సాంచె నడిపే పని ఎలా ఉంటుందో పేపర్లు చదివేవాళ్లకు కొంత తెలుసు. సాంచెలు ఆసాములవి, కూలి మీటర్ల లెక్కన. ఆర్డరు ఉంటే రోజుకు పన్నెండు గంటల చప్పుడు, లేకపోతే నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దమే అక్కడ భయం. భివండికి, సూరత్‌కు వలస పోయినవాళ్లు పోగా, 1990ల చివర నుంచి ఆ ఊరి పేరు ఆత్మహత్యల వార్తల్లోనే ఎక్కువగా వినపడింది. అంతకుముందు ఆ వార్తల్లో లేని ఒక ఇల్లు నాకు తెలుసు. బాపు పాలసీ చేయించిన ఇల్లు. ఆయన ఆత్మహత్య చేసుకోలేదు. ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు, నలభై నిండకుండా. నేను తొమ్మిదో తరగతి. క్లెయిము చెక్కు ఇవ్వడానికి పోతూ బాపు నన్ను బండి మీద వెంట తీసుకుపోయాడు. ఎందుకు తీసుకుపోయాడో అప్పుడు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆమె చెక్కు రెండు చేతులతో తీసుకుంది. చదవలేదు. బాపు అంకె చదివి వినిపించాడు. పెద్ద అంకె కాదు. తర్వాతి ఏడాది అటువైపు పోయినప్పుడు పెంకుటింటి పక్కన ఒక గది లేచి ఉంది. స్లాబు పోసిన గది. మూలన చువ్వలు పైకి వదిలేసి ఉన్నాయి, ఎప్పుడో పైన ఇంకో గది వేద్దామని. ఆ పైగదికి చీర కట్టి ఉంది, తడి బట్ట ఆరేయడానికి. మన ఊళ్లలో సగం స్లాబుల మీద ఆ చువ్వలు అట్లా తుప్పు పడుతూ ఉంటాయి. చదువుకునే రోజుల్లో అది తప్పు పద్ధతి, చువ్వ తుప్పు పడితే కింద కాంక్రీటూ పగులుతుంది అని నేను పెద్ద తెలిసినవాడిలా చెప్పేవాణ్ని. ఇప్పుడు చెప్పను. అవి ఒక ఇంటివాళ్ల ఆశ లెక్క. ఎన్ని అంతస్తులనుకున్నారో అవి చెబుతాయి.

తర్వాతి కాలంలో ఈ ఏర్పాటు ఇంకో రూపం తీసుకుంది. 2018 ఆగస్టు 15 నుంచి తెలంగాణలో రైతుబీమా. 18 నుంచి 59 ఏళ్ల లోపు రైతు ఏ కారణంతో చనిపోయినా ఇంటివాళ్లకు 5 లక్షలు. ప్రీమియం ప్రభుత్వం కడుతుంది, బీమా ఎల్‌ఐసీది. 2022 ఆగస్టు 7న, చేనేత దినోత్సవం రోజున, అదే పద్ధతిలో నేతన్న బీమా వచ్చింది. మగ్గం మీదవాళ్లకూ, సాంచెల మీదవాళ్లకూ. బతికి ఉన్నప్పుడు కూలి గిట్టుబాటు చేయలేని రాజ్యం చచ్చిపోయాక లెక్కగా డబ్బివ్వడం గురించి చాలా అనొచ్చు, అనాలి కూడా. కానీ ఆ డబ్బు వచ్చిన ఇంట్లో కూర్చుని ఆ మాట అనడం అంత తేలిక కాదు. నేను ఒకసారి కూర్చున్నాను.

*

ఇక బాపు ప్రశ్న. గిది మన పైసలతోని కట్టిందేనా?

ఖచ్చితంగా చెప్పాలంటే, కాదు. పునాది నాటికి జగిత్యాల ఇంకో రాష్ట్రంలో ఉంది, ఎల్‌ఐసీ పుట్టలేదు, బాపు కూడా పుట్టలేదు. అది ఒక మద్రాసు కంపెనీ పాలసీదార్ల డబ్బు, ఒక చెట్టియారు పట్టుదల. 1956 తర్వాత అది అందరి పాలసీదార్ల ఉమ్మడి ఆస్తి అయింది. 1975లో కాలి మళ్లీ నిలబడ్డది ఆ ఉమ్మడి డబ్బుతోనే. అందులో మా వైపువాళ్లు కట్టిన పైసలు కూడా ఉండే ఉంటాయి. కోరుట్లలో బీడీలు చుట్టి, వారం కూలి చేతికి రాగానే కొంగుకు ముడేసి, బాపు వచ్చినప్పుడు ముడి విప్పిన ఆడవాళ్లవి బాపు కాలంలో చేరాయి. 87 లక్షల్లో వాళ్ల వాటా ఏమీ లేదు. ఆ మేడ ఈ రోజుకీ రంగు వేసుకుని లైట్లు వెలిగించుకుని ఉండటంలో ఉంది.

2022 మేలో ఎల్‌ఐసీలో 3.5 శాతం వాటాను ప్రభుత్వం షేర్ మార్కెట్టులో అమ్మింది. పాలసీదార్లకు కొంత కోటా, కొంచెం తగ్గింపు ధర పెట్టారు. డీమ్యాట్ ఖాతా ఉన్నవాళ్లకు. బీడీలు చుట్టే ఎంతమందికి డీమ్యాట్ ఖాతా ఉంటుంది? 1956లో ఎవరి పేరు చెప్పి కంపెనీలను తీసుకున్నారో వాళ్లకు ఆ రోజు వాటా ఉందన్నారు, కాగితం ఇవ్వలేదు. 2022లో కాగితం ఉంది, అది అందుకునే చెయ్యి ఉండాలి. ఈ రెండింటిలో ఏది మెరుగో నేను తేల్చలేను. ఉమ్మడి అన్నప్పుడు ముంద్రా వచ్చాడు, విడివిడి అన్నప్పుడు దాల్మియా వచ్చాడు. ఇద్దరినీ పట్టుకున్నది ఏ యాజమాన్య పద్ధతీ కాదు. లెక్క చెప్పండి అని నిలబడి అడిగిన ఒక ఎంపీ.

ఇదంతా ఫోన్‌లో బాపుకు చెప్పాను. కొంచెం కుదించి. రంగూన్, చెట్టియారు, విమానం, ముంద్రా, అన్నీ. అంతా విని, "అయితే నువ్వు ఆ రోజు అవునన్నది అబద్ధమేనా?" అన్నాడు. సగం అబద్ధం అన్నాను. "సగం నిజం గదా, సాలు" అన్నాడు.

ఆ రోజు మెట్రో దగ్గర తీసిన ఫోటో ఆయన ఫోన్‌లో ఇంకా ఉంది. పైఅంతస్తు తెగిపోకుండా తీయమని నన్ను రెండుసార్లు వెనక్కి జరిపించాడు. అందులో ఆయన చిన్నగా, కింద ఒక మూలన ఉంటాడు. కొత్తగా ఎవరికైనా పాలసీ గురించి చెప్పేటప్పుడు ఆ ఫోటో తీసి చూపిస్తాడని అమ్మ చెప్పింది. ఇది మద్రాసుల ఉన్నది, నేను కండ్లార చూసిన అంటాడట.